బాధ్యత మనది... పెత్తనం ఎవరిది?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఆ రెండూ ఎంత కష్టమో చెప్పారు గానీ, వాటిలో ఆడవాళ్ల చాకిరీ ఎంతో చెప్పలేదు. పెళ్లికి వచ్చే చుట్టాలెందరు, ఎవరిని ఏ గదిలో దించాలి, ఎవరికి ఎవరంటే పడదు, ఎవరు ఉల్లిపాయ ముట్టరు, ఎన్ని జాకెట్టు ముక్కలు కావాలి, వంటవాళ్లకు ఏ పూటకు ఎంత సరుకు తీసివ్వాలి... ఇదంతా ఆ ఇంటి ఇల్లాలి బుర్రలో ఉంటుంది. కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. తీరా శుభలేఖ అచ్చయ్యాక చూస్తే, ‘శ్రీమతి అండ్ శ్రీ’ అన్న చోట భర్త పేరు ముందు ఒక మాటగా మిగిలిపోతుంది ఆవిడ!

ఇలాంటి పనికి ఇంగ్లీషులో గొప్ప పేరుంది. మేనేజ్‌మెంట్ అంటారు. ఆ మాట వినగానే మన కళ్ల ముందు ఏసీ గది, టై కట్టుకున్న కుర్రాడు, లక్షల జీతం కనిపిస్తాయి. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించదు.

మా పక్కింటమ్మాయి బెజవాడ కాలేజీలో బి.బి.ఎ. చదువుతోంది. ‘పిన్నీ, నువ్వు బి.కాం. కదా! ఇందులో అన్నీ పేర్లూ, సంవత్సరాలే. కాస్త అర్థమయ్యేలా చెప్పవా?’ అంటూ పుస్తకం తెచ్చి నా ముందు పెడుతుంటుంది. అలా మధ్యాహ్నం పూట ఇద్దరం కూర్చుని చదువుతున్నప్పుడు, అందులోని సూత్రాలు ఎక్కడో అమెరికా కంపెనీల గురించి చెప్పినట్లుగా అనిపించలేదు. మా వీధి గురించి, మా ఊరి గురించి చెప్పినట్లే ఉంది. ముఖ్యంగా ఒక సూత్రం దగ్గర నేను ఆగిపోయాను. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

హెన్రీ ఫేయోల్ అని ఫ్రాన్సులో ఒక గనుల ఇంజనీరు ఉండేవాడు. 1888లో దివాలా తీసే స్థితిలో ఉన్న కంపెనీ ఆయన చేతికొచ్చింది. దాన్ని నిలబెట్టాడు. ఆ అనుభవమంతా 1916లో పుస్తకంగా రాశాడు. నిర్వహణ అంటే అయిదు పనులన్నాడు: ముందుచూపుతో ప్రణాళిక వేసుకోవటం, మనుషుల్నీ వస్తువుల్నీ అమర్చుకోవటం, ఆదేశించటం, అందరి పనినీ ఒకదానితో ఒకటి కలపటం, చివరికి అనుకున్నట్టు జరిగిందో లేదో సరిచూడటం. నెలాఖరు దాకా జీతం డబ్బులు ఈడ్చుకొచ్చే ఏ ఇల్లాలికైనా ఇవి కొత్తవి కావు. గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో లెక్క చూసి ముందే బుక్ చేయటం ప్రణాళిక. పిల్లల స్కూలు వ్యాను, మామగారి మందులు, నీళ్లొచ్చే వేళ, పనిమనిషి వచ్చే వేళ ఒకదానికొకటి అడ్డం రాకుండా చూడటం సమన్వయం. పుస్తకం లేకుండానే పాసైపోయాం మనం!

ఫేయోల్ పద్నాలుగు సూత్రాలు కూడా చెప్పాడు. వాటిలో ‘ఒక ఉద్యోగికి ఒకే పైఅధికారి ఉండాలి’ అన్నది ఒకటి. అది చదివి మా పక్కింటమ్మాయి పకపకా నవ్వింది. ‘పిన్నీ, ఈయన ఉమ్మడి కుటుంబంలో కోడల్ని చూడలేదు కాబోలు’ అంది. నిజమే మరి! చారులో పులుపు తగ్గించమని అత్తగారు, పెంచమని మామగారు, అసలు చారే వద్దని మొగుడు, పుట్టింటికొచ్చిన ఆడపడుచు చేతిలో మరో పెత్తనం. నలుగురు నాలుగు రకాలుగా చెబితే చివరికి మాట పడేది మాత్రం ఒక్కతే.

అయితే నేను ఆగిపోయిన సూత్రం అది కాదు. ‘అధికారం, బాధ్యత కలిసే ఉండాలి’ అన్న సూత్రం. ఎవరికైనా ఒక పని అప్పగిస్తే, ఆ పనికి కావలసిన నిర్ణయాలు తీసుకునే హక్కు కూడా ఇవ్వాలి. అధికారం మాత్రం ఉండి బాధ్యత లేకపోతే మనిషి ఇష్టారాజ్యం చేస్తాడు. బాధ్యత ఉండి అధికారం లేకపోతే నలిగిపోతాడు. ఫేయోల్ ఫ్యాక్టరీల గురించి రాశాడు. కానీ మన తరతరాల కథంతా ఆ రెండో మాటలోనే ఉంది.

బొమ్మల కాలనీ చెప్పే పాఠం

ఎక్కడికో పోనక్కర్లేదు. మా కొండపల్లినే చూడండి. కొండపల్లి బొమ్మ తెలియని తెలుగిల్లు ఉండదు. ఎడ్లబండి, కల్లుగీత కార్మికుడు, దశావతారాలు, పెళ్లి పల్లకీ, అంబారీ ఏనుగు... సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో వీటిలో ఒక్కటైనా లేకపోతే వెలితిగా ఉంటుంది. ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. భౌగోళిక గుర్తింపు కూడా ఈ బొమ్మలకు దక్కింది.

ఇక్కడి బొమ్మల కాలనీలో ఇల్లే కార్ఖానా. చుట్టుపక్కల కొండల్లో దొరికే తెల్ల పొణికి కర్ర తెస్తారు. చాలా తేలిక కర్ర అది. ఆరబెట్టి, వేడి చూపించి తేమంతా పోగొడతారు. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దతో అతికిస్తారు. దాన్నే మక్కు అంటారు. అతుకులు కనిపించకుండా నున్నగా రుద్ది, సున్నం పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. సన్నని కుంచెతో కళ్లు దిద్దితే బొమ్మకు ప్రాణం వచ్చినట్టే.

బిజినెస్ చదివే పిల్లలు ‘శ్రమ విభజన’ అని బట్టీపట్టేది ఇదే. ఒక్కొక్కరు ఒక్కొక్క పని చేస్తే చెయ్యి తిరుగుతుంది, పని త్వరగా తెములుతుంది. ఇక్కడ ఇంటిల్లిపాదీ పనివాళ్లే. చెక్కటం ఎక్కువగా మగవాళ్లది, రుద్దటం, పూతలు, రంగులు ఎక్కువగా ఆడవాళ్లవి. ఉలి పట్టిన ఆడవాళ్లూ, దుకాణం నడిపే ఆడవాళ్లూ లేకపోలేదు. కానీ చాలా ఇళ్లలో కనిపించే తీరు ఇది.

ఆ రంగులు వేసేవాళ్ల రోజు ఎలా ఉంటుందో గమనించారా? పొద్దున్నే పొయ్యి పని. పిల్లల్ని బడికి పంపి కుంచె పట్టుకుంటారు. ఒక రంగు ఆరేలోపు అన్నం వార్చటం. అది ఆరాక రెండో రంగు. ముసురు పట్టిందంటే పూత ఆరదు కాబట్టి ఆ రోజు పని తిరగేసి, నున్నగా రుద్దే పని ముందుకు తెచ్చుకోవాలి. పండుగ ముందు గిరాకీ ఎక్కువ కాబట్టి ఏ బొమ్మలు ఎన్ని సిద్ధంగా ఉంచాలో నెలల ముందే అంచనా వేసుకోవాలి. ప్రణాళిక, సమన్వయం, నాణ్యత తనిఖీ... ఫేయోల్ పట్టిక అంతా అక్కడే ఉంది.

ఒకసారి మా చుట్టాలమ్మాయికి కానుక కోసం పల్లకీ బొమ్మ బేరమాడుతూ, రంగులు వేస్తున్నావిడనే ‘ఎంతకిస్తారండీ?’ అని అడిగాను. ‘మాదేముందండీ, రంగులెయ్యటమే కదా! ధర సంగతి ఆయన్నడగండి’ అంది నవ్వుతూ. ఆ బొమ్మకు ఎన్ని పూతలు పడ్డాయో, ఎన్ని రోజులు పట్టిందో, ఏ రంగు డబ్బా ఎంతకు కొన్నారో ఆవిడకు తెలుసు. అంటే ధర కట్టటానికి కావలసిన లెక్కంతా ఆవిడ దగ్గరుంది. ధర చెప్పే మాట మాత్రం ఆవిడ దగ్గర లేదు. బొమ్మ బాగోలేకపోతే మాట పడేది ఆవిడ. బొమ్మ అమ్ముడుపోతే డబ్బు లెక్కపెట్టేది ఆయన. ఇందులో ఆయన చెడ్డవాడని కాదు. ఆ ఇంట్లో తగవులూ లేవు. పద్ధతే అలా వచ్చింది. అలా వచ్చిన పద్ధతి కాబట్టే అది మన కంటికి ఆనదు.

ఇది బొమ్మలు చేసే ఇళ్ల మాటేనా? పాడి చూసేది ఒకరు, పాలడబ్బులు తీసుకునేది ఒకరు. కొట్లో కూర్చునేది ఒకరు, బ్యాంకు పుస్తకం మరొకరి పేరున. దేశమంతా 2019లో చేసిన సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. అంటే మనవి దాదాపు అయిదు గంటలు. ఆ అయిదు గంటలకు జీతం లేదని చాలామంది రాశారు. నేనడిగేది మరొకటి. ఆ అయిదు గంటల పని నడిపించే మనిషికి ఇంటి నిర్ణయాల్లో ఎంత మాట ఉంది?

పుస్తకంలో దాగిన ఆడవాళ్లు

మేనేజ్‌మెంట్ శాస్త్రం మగవాళ్ల సొత్తని అనుకుంటాం గానీ, దాని పునాదుల్లో ఆడవాళ్లున్నారు.

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన తాపీపనివాళ్లు ఒక ఇటుక పెట్టటానికి చేసే 18 కదలికలను దాదాపు అయిదుకు తగ్గించాడని పుస్తకాలు చెబుతాయి. ఆయనతో సమానంగా పనిచేసింది భార్య లిలియన్. పన్నెండుమంది పిల్లల తల్లి. మేనేజ్‌మెంట్‌లో మనస్తత్వం గురించి ఆవిడ రాసిన పుస్తకం 1914లో అచ్చయినప్పుడు, రాసింది ఆడమనిషని తెలియకూడదని పేరు పొడి అక్షరాల్లో వేశారు. 1924లో భర్త పోయాడు. ఆడదానికి ఫ్యాక్టరీ పని అప్పగించటానికి కంపెనీలు వెనుకాడాయి. ఆవిడ వంటింటి వైపు తిరిగింది. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపుకి అరలు ఆవిడ ఆలోచనలేనంటారు. వంటింట్లో ఎన్ని అడుగులు వృథా అవుతున్నాయో కొలిచి చూసింది. వంటింటి పనిని పనిగా లెక్కించిన ఇంజనీరు ఆవిడ!

షికాగో దగ్గర హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు జరిగాయి. బి.బి.ఎ. పిల్లలందరూ చదివే పాఠమే. 1927లో టెలిఫోన్ విడిభాగాలు బిగించే అయిదుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి విశ్రాంతి వేళలు, పని గంటలు మార్చిమార్చి చూశారు. వాళ్లతో మాట్లాడారు, అభిప్రాయాలడిగారు. మొత్తం మీద పని పెరుగుతూ వచ్చింది. ఎందుకు పెరిగిందన్న దాని మీద పండితుల మధ్య ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ మనిషిని మనిషిగా పట్టించుకుంటే పని తీరు మారుతుందన్న ఆలోచన అక్కడి నుంచే ఊపందుకుంది. పుస్తకాలు పెద్దగా చెప్పని ముక్క ఒకటుంది. ఆ అయిదుగురిలో ఇద్దరిని కబుర్లెక్కువని, మాట వినటం లేదని మధ్యలో తీసేసి వేరేవాళ్లను పెట్టారు. అభిప్రాయం అడగటం వేరు, మాట చెల్లనివ్వటం వేరు అని దీన్ని బట్టే తెలుస్తోంది కదూ!

అన్నిటికన్నా నాకు దగ్గరగా అనిపించింది మేరీ పార్కర్ ఫాలెట్. 1868లో పుట్టిన అమెరికన్. బోస్టన్‌లో పేటల్లోని జనం మధ్య పనిచేసి, ఆ అనుభవంతో కంపెనీవాళ్లకు పాఠం చెప్పింది. అధికారం రెండు రకాలంది. ఒకరి మీద చెలాయించేది ఒకటి, ఒకరితో కలిసి పంచుకునేది మరొకటి. తగవు తీర్చటానికి మూడు దార్లున్నాయంది. ఒకరు గెలిచి ఒకరు ఓడటం, ఇద్దరూ తలా కొంత వదులుకోవటం, ఇద్దరికీ కావలసింది దొరికే మూడో దారి వెతకటం. ఆవిడే ఒక ఉదాహరణ చెప్పింది. గ్రంథాలయంలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆవిడ మూసి ఉంచాలంది. చివరికి పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకు గాలి ఆడింది, ఆవిడకు ఈదురుగాలి తగల్లేదు.

మన ఇళ్లలో ‘సర్దుకుపోవటం’ అనే మాటకు ఎంత విలువో చెప్పక్కర్లేదు. సర్దుకుపోయేది ఎప్పుడూ ఒకరే అయితే అది సర్దుబాటు ఎలా అవుతుంది? ఫాలెట్ భాషలో అది ఒకరి ఓటమి. పక్క గది కిటికీ ఎక్కడుందో వెతకటమే అసలైన నేర్పు.

సంతకం ఉంటే చాలదు

మన రాష్ట్రంలో ఆడవాళ్లు సంస్థ నడపటం నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ కాదు, పొదుపు సంఘాల్లో. 1982లో డ్వాక్రా మొదలైంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ తర్వాత పొదుపు ఊరూరా పాకింది. 1992 నుంచి నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలపటం మొదలెట్టింది. పదిపదిహేను మంది సభ్యులు, ఇద్దరు లీడర్లు, కట్టుబాట్లు, తీర్మానాల పుస్తకం, అందరి ముందు డబ్బు లెక్క. ఫాలెట్ చెప్పిన ‘కలిసి పంచుకునే అధికారం’ అంటే ఇదే కదా! బ్యాంకు గడప తొక్కని చేతులు మేనేజరుగారి ముందు కూర్చుని మాట్లాడాయి.

బొంబాయిలో 1959 మార్చి 15న ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో ఒక మేడ మీద అప్పడాలు ఒత్తటం మొదలెట్టారు. అదే లిజ్జత్ పాపడ్. పొద్దున్నే పిండి తీసుకెళ్లి, ఇంట్లో ఒత్తి తెచ్చి ఇచ్చే ప్రతి మహిళా ఆ సంస్థలో కూలీ కాదు, యజమాని. లాభంలోనూ వాటా, నష్టంలోనూ వాటా. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పడం అందరూ ఒత్తగలరు. పని చేసే చేతికే పెత్తనం కూడా ఇచ్చిన ఏర్పాటే అక్కడ గొప్పది.

అయితే మనం మనతో నిజం మాట్లాడుకోవాలి. సంఘం అప్పు ఆవిడ పేరున వస్తుంది. ఇంటికి రాగానే డబ్బు ఏం చేయాలో మరొకరు నిర్ణయిస్తారు. మోటారు సైకిలు వస్తుంది, లేదా పాత బాకీ తీరుతుంది. నెలనెలా కిస్తీ కట్టాల్సిన తలనొప్పి మాత్రం ఆవిడదే. ఒక నెల ఆలస్యమైతే తోటి సభ్యుల ముందు తలవంచుకోవాల్సింది ఆవిడే. సంతకం ఆవిడది, నిర్ణయం ఇంకొకరిది! అధికారం లేని బాధ్యత అంటే ఫేయోల్ ఎందుకు వద్దన్నాడో తెలియాలంటే ఇంతకు మించిన ఉదాహరణ ఉందా?

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకం మొదలెట్టింది. అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల వరకు అప్పు అని నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కానీ కుటుంబంలో ఒక్కరే పేరు నమోదు చేసుకోవాలి. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు.

ఒక్కరే అంటే ఎవరి పేరు రాస్తారు? చెక్కే చెయ్యీ, రంగులు వేసే చెయ్యీ రెండూ ఉంటేనే బొమ్మ. కాగితం మీద మాత్రం ఒక్క చెయ్యే పడుతుంది. నమోదు చేసుకునే చోట ఎవరూ మాట్లాడకపోతే అలవాటు ప్రకారం ఏ పేరు పడుతుందో మనకు తెలుసు. అలా పడిన ప్రతిచోటా రంగులు వేసిన మనిషి ప్రభుత్వం లెక్కలో కళాకారిణి కాదు, కళాకారుడి భార్య. శిక్షణకు పిలుపు రాదు, అప్పు పుట్టదు. రేపు ఆయనకేమైనా అయితే, పాతికేళ్ల పనితనం తనదని చూపించటానికి ఆవిడ దగ్గర ఒక్క కాగితం ఉండదు. భార్యాభర్తలిద్దరూ పనిచేసే ఇళ్లలో ఇద్దరినీ కళాకారులుగా గుర్తించేలా ఈ నిబంధన మారాలి. ఆ మాట ప్రజాప్రతినిధుల్ని అడగాల్సింది మనమే.

నిబంధన మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇంట్లో మొదలెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది లెక్క. బొమ్మలు చేసినా, పచ్చళ్లు పట్టినా, జాకెట్లు కుట్టినా, సరుకు ఖర్చుతో పాటు మీరు పనిచేసిన గంటలు ఒక నోటుపుస్తకంలో రాయండి. రాయని గంటలకు ధర కట్టలేం. రెండోది, ధర మాట్లాడేచోట కూర్చోండి. మొదటి రోజు వినండి, రెండో రోజు ఒక మాట అనండి. మూడోది, మీ సంతకంతో వచ్చే డబ్బు దేనికి ఖర్చవుతుందో సంతకానికి ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆయనకు గాలి కావాలి, మీకు ఈదురుగాలి వద్దు. వెతికితే పక్క గది కిటికీ ఉండనే ఉంటుంది. నాలుగోది, పథకమైనా, గుర్తింపు కార్డైనా, బ్యాంకు ఖాతా అయినా ‘ఎవరి పేరున?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు మౌనంగా ఉండకండి.

బెజవాడ చుట్టుపక్కల కాలేజీల్లో బిజినెస్ చదువుతున్న పిల్లలకూ ఒక మాట. ప్రాజెక్టు రిపోర్టు కోసం పెద్ద కంపెనీల గేట్ల దగ్గర పడిగాపులు కాయక్కర్లేదు. రైలెక్కితే కొండపల్లి ఎంత దూరం? శ్రమ విభజన, ప్రేరణ, సమన్వయం అన్నీ మీకు బొమ్మల కాలనీలో దొరుకుతాయి. 1959లో హెర్జ్‌బర్గ్ చెప్పిన సంగతి కూడా ఇక్కడే సరిచూసుకోవచ్చు. జీతం, వసతి సరిగా లేకపోతే మనిషి అసంతృప్తి పడతాడు, కానీ ఉత్సాహం రావాలంటే చేసిన పనికి గుర్తింపు ఉండాలన్నాడాయన. కుంచె పట్టినావిడను అడిగి చూడండి. లెక్క కట్టి, ఆవిడ గంటలకు ఎంత ధర రావాలో ఆవిడతోనే కూర్చుని తేల్చండి. మీ మార్కులకన్నా ఆ కాగితం ఆవిడకు ఎక్కువ పనికొస్తుంది.

పెత్తనం అంటే గొంతు పెంచటం అనుకుంటాం. కానే కాదు. మోస్తున్న బరువును ఎటు తీసుకెళ్లాలో చెప్పగలిగే హక్కు అది. బరువు మనం మోస్తూనే ఉన్నాం. ఇక దారి కూడా మనం చెబుదాం. ఏమంటారు?